తాళాల మేడ

పాతపేటలో మూడు వీధులు కలిసేచోట ఉన్న రెండంతస్తుల ఇంటిని అందరూ తాళాల మేడ అంటారు. ఎందుకంటారంటే, అందులో తాళాలు చేసేవాళ్లు కాబట్టి. ఇది అర్థం కావడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మేడని అజమాయిషీ చేసే పాత కట్టడాల సంఘంలో ఉన్నవాళ్లందరూ పెద్ద చదువులవాళ్లే కావడంతో వచ్చింది చిక్కు.

ఒకప్పుడు కింది గదుల్లో పదకొండు కుటుంబాలు పనిచేసేవి. ఇప్పుడు వీధివైపు గదిలో తాళాల పిన్ని, ఆమె కోడలు మిగిలారు. పిన్ని ఈ పని మామగారి దగ్గర నేర్చుకుంది. తాళంచెవిని ఆకురాయితో రెండుసార్లు రాకి, వెలుగులో పెట్టి చూసి, "ఇంకో వెంట్రుకవాసి" అంటుంది. ఆ వెంట్రుకవాసి ఇంకెవరికీ కనపడదు.

ఒకరోజు సంఘం తరఫున ఒక పండితుడు భూతద్దం పట్టుకుని దిగాడు. గుమ్మం మీద రాతిలో "తాళములు, తాళపుచెవులు ఇచ్చట" అని చెక్కి ఉంది. ఆ తర్వాతి ముక్క ఎప్పుడో విరిగిపోయింది. పండితుడు పరవశంతో కళ్లు మూసుకున్నాడు.

"తాళాలు! అంటే వాయిద్యం. ఇది సంగీతశాల!"

"తాళాలంటే తలుపులకేసేవి బాబూ," అంది పిన్ని. "పక్కన చెవులని కూడా ఉంది కదా."

"అది పైపై అర్థం. తాళజ్ఞానం ఉన్న చెవులని అసలు భావం. రసికులన్నమాట."

పిన్ని నోరు వెళ్లబెట్టింది. ఈయన ఇంట్లో బీరువా ఎలా తెరుస్తాడో, చెవి ఆనించి వింటాడు కాబోలు అనుకుంది.

నెల తిరక్కుండా గోడకి "ప్రాచీన సంగీతశాల" అని రాగి ఫలకం ఎక్కింది. పండితుడు పుస్తకం కూడా అచ్చేశాడు. తాళాలు వేలాడదీసిన మేకులు వీణలు తగిలించినవట. కొలిమి మసి కచేరీ దీపాల మసి అట. అంత తెలివి ఒక్క బుర్రలో ఎలా ఇమిడిందో ఆ బుర్రకే తెలియాలి.

నవ్వి ఊరుకుందామంటే, సంగీతశాలలో ఈ ఇనుము రాపిడేమిటని సంఘం అధ్యక్షుడికి తోచింది. గది ఖాళీ చెయ్యమన్నాడు. పిన్ని వీధి అదిరేలా గోల పెట్టింది. చివరికి ఆయనే దిగొచ్చి ఒక కాగితం తెచ్చాడు. తమది తరతరాలుగా తాళాలు వాయించే వంశమని సంతకం చేస్తే గది ఉంచుతారట. చూడ్డానికి వచ్చినవాళ్లకి అప్పుడప్పుడూ వాయించి చూపిస్తే చాలట.

"పెట్టెయ్యత్తా," అంది కోడలు. "వాళ్లు పోయాక మన పని మనం చేసుకోవచ్చు. ఈ గది పోతే మనకి దిక్కేది?"

అదీ నిజమే. పిన్ని పళ్లు నూరుకుంటూ సంతకం చేసింది.

ప్రారంభోత్సవం నాడు పెద్దమనుషులంతా ముందువరసలో కూర్చున్నారు. పిన్ని చేతిలో ఇత్తడి తాళాలు పెట్టారు. ఆమె టంగు టంగుమని నాలుగుసార్లు కొట్టింది. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ముందువరస తలలూపింది.

అంతలో పక్కవీధి కుట్టుపనామె చిన్న రేకుపెట్టెతో జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "పిన్నీ, చెవి ఇందులోనే విరిగిపోయింది. అమ్మకి ఆయాసం ఎక్కువైంది, మందు లోపలుంది!"

పండితుడు అడ్డం వచ్చాడు. "ఈవిడ తాళాలు బాగుచేసే మనిషి కాదమ్మా, వాయించే వంశం," అని పిన్ని వైపు తిరిగాడు. "మీరే చెప్పండి."

కోడలు కళ్లతోనే బతిమాలింది. ఒక్క మాట, అవునంటే చాలు, గది నిలుస్తుంది.

"ఇటు తే," అంది పిన్ని. ఇత్తడి తాళాలు పండితుడి చేతిలో కుక్కి, నేలమీద చతికిలబడింది. సన్నటి ఊచతో తాళం లోపల కెలుకుతూ, అందరికీ వినపడేలా చెప్పింది. "నేను సంతకం పెట్టింది అబద్ధానికి. మాది తాళాలు చేసే ఇల్లు. ఈ మేడలో చేసింది తలుపు తాళాలే, ఇంకేం కాదు."

టిక్కుమని తాళం ఊడింది. కుట్టుపనామె పెట్టె తీసుకుని పరుగెత్తింది.

ముందువరస మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. "నాటకం కూడా పెట్టారా! ఎంత సహజంగా చేసిందండీ!" అన్నాడొకాయన. అప్పటిదాకా పాలిపోయిన అధ్యక్షుడు చేతులు జోడించి ఆ పొగడ్త తనే పుచ్చుకున్నాడు. టిక్కుమన్న చోట తాళగతిలో సమం సరిగ్గా పడిందన్నాడు పండితుడు.

అధ్యక్షుడు వంగి పిన్ని చెవిలో చెప్పాడు. "బ్రహ్మాండం. గది నీదే. రోజుకి రెండాటలు, ఇలాగే చెయ్యి."

తిట్టినా, మెడపట్టి గెంటినా ఆమె ఓర్చుకునేది. నిజం చెబితే చప్పట్లు కొడతారని మాత్రం అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మాయ్, ఆ దాగలికి అటుపక్క పట్టు," అంది, మూలనున్న ఇనప దిమ్మ చూపించి.

ఈసారి కోడలు కాదనలేదు. ఇద్దరూ ఆ బరువు మోసుకుంటూ గుమ్మం దాటుతుంటే, వెనక ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.