పై వాటాకి లైను

మా చెల్లెలి మొగుడు మూడు సెల్‌ఫోన్లు పగలగొట్టాడు. మూడోది దాని దవడ మీదే పగలగొట్టాడు. వాణ్ణి బావా అని పిలవడానికి నాకు నోరు రాదు. వాళ్లుండేది నా కంప్యూటర్ రిపేరు కొట్టు మీది వాటాలోనే. దిగి వచ్చెయ్యమని ఎంత మొత్తుకున్నా వినదు, వాడు నన్ను కూడా చంపుతాడని దాని భయం.

నాకు చేతనైంది ఒక్కటే. తుక్కు కింద పడున్న కంప్యూటర్లలో ఒకదాని మదర్‌బోర్డు, ఇంకోదాని హార్డ్‌డిస్కు పీకి, ఫోన్ తీగలు తగిలించే పాత కార్డొకటి వెతికి, పది రోజులు కుస్తీ పట్టి ఇంటి మట్టుకు ఫోన్ ఎక్స్ఛేంజి తయారుచేశాను. నీళ్ల గొట్టం వెంట తీగ పైకి లాగాను. సామాన్ల గదిలో పెట్టెల వెనక ఫోను దాచాం. ఒక అంకె నొక్కితే నా బల్ల మీద మోగుతుంది. మొదటిసారి మోగినప్పుడు చెల్లెలు నవ్వింది. అది నవ్వగా విని ఎన్నాళ్లయిందో.

తీగ ఎక్కడైనా తెగితే ఎలా అని నాకో బెంగ. అందుకని ఒకరోజు పొద్దున, రోజూ ఒంటిగంటకి పై ఫోను దానంతటదే మోగేలా పెట్టాను. ఆ వేళకి వాడు ఇంట్లో ఉండడు. ఎత్తితే నా తెర మీద పచ్చగీత పడుతుంది. చెల్లెలికి తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

ఆ రోజే వాడు ఒంటిగంటకి పది నిమిషాల ముందు వచ్చాడు. తలుపు ఆలస్యంగా తీసిందని బెల్టు లాగాడు. అది తప్పించుకుని సామాన్ల గదిలో దూరి, దీపం ఆర్పి పెట్టెల వెనక నక్కింది. వాడు మిగతా గదులు తిరగేస్తున్నాడు. అంకె నొక్కితే చప్పుడవుతుందని, వాడు దూరం వెళ్లేదాకా ఫోన్ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడు ఒంటిగంటయింది.

కింద నా తెర మీద పచ్చగీత పడింది. లైను దివ్యంగా ఉందని మురిసిపోయి, క్యారియరు మూత తీసి తినడం మొదలుపెట్టాను.

పైకప్పు మీద బరువుగా ఏదో పడింది. మళ్లీ పడింది. సుత్తి పట్టుకుని పరిగెత్తాను. తలుపు గడియ ఊడేలా తన్ని లోపలికి వెళ్లేసరికి వాడు దాని గుండెల మీద కూర్చుని ఫోన్ రిసీవరుతో చెవి మీద మోదుతున్నాడు. రిసీవరు రెండు ముక్కలైంది, అయినా మోదుతూనే ఉన్నాడు. వాడి మణికట్టు విరగ్గొట్టాను. తర్వాత మోచెయ్యి. కింద పడ్డాక కూడా కొట్టాను. పక్కవాటా వాళ్లు వచ్చి లాగేశారు. నాకు ఆపాలనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు.

పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. చెల్లెలికి ఎడమ చెవి ఇక వినిపించదని డాక్టరు చెప్పాడు. మూడో రోజుకి నోరు తెరవగలిగింది. మంచానికి కుడివైపు వంగి కూర్చున్నాను.

"ఫోన్ మోగితే నువ్వే అనుకున్నా అన్నయ్యా. ఎత్తి, త్వరగా రమ్మన్నాను. రెండుసార్లు చెప్పాను. అది విని వాడొచ్చాడు. నువ్వెందుకు పలకలేదు?"

ఫోన్ చేసింది నేను కాదు యంత్రమని, అప్పుడు నేను కిందే కూర్చుని అన్నం తింటున్నానని దానికి చెప్పాను.