బొటనవేలి బిస్కెట్లు

శామీర్‌పేటలో వహాబ్ భాయ్ బేకరీకి ఎక్కువమంది అద్దాల బీరువాలో ఉన్నవి చూపించి కొనుక్కుపోవడానికే వస్తారు. నాలాంటి మొండివాళ్లు కొందరుంటారు. మైదా, చక్కెర, నెయ్యి ఇంటి నుంచే తెచ్చుకుని, పిండి తామే కలిపి, కూలి ఇచ్చి అక్కడి భట్టీలో కాల్పించుకుంటారు. కొన్న బిస్కెట్ల మీద నాకు నమ్మకం లేదు. నిజం చెప్పాలంటే మనుషుల మీద కూడా అంతంతమాత్రమే.

రంజాన్ వానాకాలంలో వచ్చిన ఏడు అది. పండుగ దగ్గర పడింది. భట్టీ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనంలో పొద్దున్నే పడి నేను తోసుకుంటున్నది మా దుర్గాబాయి అక్క కోసం.

అక్క కౌకూర్‌లో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి నన్ను ఫోన్లో పిలిచింది. సొంత చెల్లెల్ని! ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాలా, వద్దా? నేను వెళ్లలేదు. తోడబుట్టినదానికి కూడా బొట్టు పెట్టి పిలవాలా అని ఆమె అలిగింది. అంతే, రెండేళ్లు మాటల్లేవు. తప్పు ఆమెదేనని ఇప్పటికీ అంటాను. కానీ మొన్న కూరగాయల బండి దగ్గర ఎవరో చెప్పారు, అక్క డెంగీతో ఆసుపత్రిలో పడి, కోలుకుని ఇంటికొచ్చి నెల దాటిందని. ఆమెకేమన్నా అయ్యుంటే అది కూడా నాకు కూరగాయల బండి దగ్గరే తెలిసేది. ఇంటికొచ్చి మా అమ్మ చేసే జీలకర్ర బిస్కెట్లకు పిండి కొలిచాను. అక్కకు అవంటే ప్రాణం. మొహం మీద తలుపేసినా సరే, డబ్బా చేతికిచ్చి రావాలనుకున్నాను.

భట్టీలో అందరివీ ఒకేసారి కాలుతాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకోవాలి. కొందరు ఫోర్కుతో గీతలు గీస్తారు, కొందరు జీడిపప్పు అద్దుతారు. మా అమ్మలాగే నేను ప్రతి బిస్కెట్ నడుమ బొటనవేలితో నొక్కుతాను. నాలాగే పిండి తెచ్చుకుని పక్కన కూర్చున్న మెహ్జబీన్, ఇలాచీ, కోవా కలిపిన తన బిస్కెట్ల మీద ఎప్పుడూ సారపప్పు పెట్టేది. ఆ రోజు అది ఇంట్లో మరిచి వచ్చింది. నా గుర్తు చూసి ముచ్చటపడి తానూ బొటనవేలే నొక్కింది. అది ఆమె తర్వాత చెబితే తెలిసింది, అప్పుడు నేను గమనించలేదు. వహాబ్ భాయ్ మీద అరవడంలో మునిగిపోయాను.

"భాయ్, నా బస్సు పోతది! బొటనేలు గుర్తున్న ట్రే నాదే, తియ్యి!"

"జర ఆగు అక్కా, సల్లారనీ. గిట్ల పరేషాన్ జేస్తే ఎట్ల?"

"నువ్వు సల్లార్చేవరకు నేను ముసలిదాన్నైత!"

ఆయన నవ్వి, ముందుగా చేతికందిన బొటనవేలి గుర్తు ట్రేను నా డబ్బాలో వంపాడు.

బొల్లారం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. తలుపు అక్కే తీసింది. ఎంత చిక్కిపోయిందో! ఆమె రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు, పక్కకు జరిగింది. నేను లోపలికెళ్లి కుర్చీ అంచున కూర్చుని డబ్బా మూత తీశాను.

"అమ్మ లెక్కనే జేసిన. నీ కోసమే."

బొటనవేలి గుంట చూడగానే అక్క మొహం మెత్తబడింది. ఒకటి కొరికింది. నమిలింది. మళ్లీ మొహం ముడుచుకుంది.

"ఇలాచీ ఏసినవ్. జీలకర్ర ఏది? యాడనో కొనుక్కొచ్చి నీ చేత్తో జేసిన అంటున్నవా?"

కొనుక్కొచ్చానా! నేనా! ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ఇలాచీ, కోవా, ఎంతో బాగుంది. కానీ నాది కాదు.

"ఇవి నావి గావు! గా మెహ్జబీన్‌వి! ఆ వహాబ్ భాయ్ సంగతి ఇయ్యాల జెప్త! పొద్దుగాల్నే లేసి జీలకర్ర ఏంచిన, ఏడ్సుకుంట పిండి కలిపిన. నీకు జరమొచ్చిందని ఎవరో జెప్తే ఎర్క కావాల్నా నాకు? సచ్చిపోయేటట్టున్నా జెప్పవా అక్కా?"

అరుస్తూనే ఏడ్చేశాను. అక్క కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే పకపకా నవ్వింది.

"ఇంకా గట్లనే ఒర్రుతున్నవ్. లే, చెప్పులేసుకో. మన బిస్కెట్లు ఇంకెవలో తింటుంటరు. పోదాం పా."

మేం వెళ్లేసరికి మెహ్జబీన్ మా బిస్కెట్లు పట్టుకుని బేకరీ ముందే నిలబడి ఉంది.

"నేను రోజా ఉన్న, ముట్టలే పద్మక్కా. పిల్లలు తిన్నంక, ఇవి మనయి కావు అమ్మీ అన్నరు. గప్పటికే సగం ఖతం జేసిన్రు!"

వహాబ్ భాయ్ నా వంక చూసి, "నేను ఆగమంటే ఆగినవా అక్కా?" అన్నాడు. నేను డబ్బాలోని ఇలాచీ బిస్కెట్లు మెహ్జబీన్‌కిచ్చి, మావి అందుకున్నాను.

మిగిలినవాటిలోంచి అక్క ఒకటి తీసుకుంది. జనం మధ్యే నిలబడి, మెల్లగా, కళ్లు మూసుకుని తింది. నేను ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

"ఉప్పు తక్కువైంది. ఐతారం నేనొచ్చి పిండి కలుపుత. నువ్వు జీలకర్ర ఏంచి పెట్టు," అంది.

నా చేతి వంటకు వంక పెట్టినవాళ్లను నేను ఊరికే వదలను, శామీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం, "సరే అక్కా," అన్నాను.