సమ్మమ్మ ఇచ్చిన సాంపిల్

సమ్మమ్మకు ప్రయాణాలంటే భయం. తన ప్రయాణం కాదు, ఎదుటివాళ్లది. ఇంట్లో ఎవరైనా సంచి సర్దుకుంటుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఊళ్లోని బట్టల మిల్లు మూతపడ్డప్పుడు అన్నలిద్దరూ మగ్గం పని వెతుక్కుంటూ ఎక్కడో దూరాన ఉన్న భీవండికి పోయారు. మళ్లీ వస్తామన్నారు. వచ్చారు, పెళ్లిళ్లకూ చావులకూ. భర్త జ్వరమని తన కాళ్ల మీద తానే నడిచివెళ్లి ఆటో ఎక్కాడు; దవాఖాన నుంచి నడిచి రాలేదు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా, తిరిగొచ్చేదాకా ఆమె చెవి వీధి తలుపు మీదే ఉండేది.

అలాంటి మనిషి కోడలు దుబాయ్ పోతానంది.

కోడలు శ్రీలత నర్సు. హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో చేస్తుంది. గల్ఫ్‌లో ఏదో పెద్ద ఆస్పత్రివాళ్లు ఫోన్‌లోనే పరీక్ష పెట్టి, ఫోన్‌లోనే మాట్లాడి, తీసుకుంటామన్నారు. ఆ దేశం దుబాయ్ కాదు, వేరే ఏదో. కానీ వాళ్లుండే మట్టెవాడ వాడకట్టుకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. సమ్మమ్మ కొడుకు గోపాల్ కిరాణా కొట్టు నడుపుతాడు. పెళ్లాం పోతానంటే సరేనన్నాడు, తల్లి వద్దంటే దానికీ సరేనన్నాడు. అతని స్వభావం అంతే.

పోయే ముందు మెడికల్ అవ్వాలి. బయటి దేశం నుంచి పనికొచ్చే మనిషి ముందుగా తన ఒళ్లు చూపించుకోవాలని ఆ దేశపు చట్టం. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే. క్షయ ఉండకూడదు, కామెర్లు ఉండకూడదు, కడుపుతో ఉండకూడదు. దవాఖానలో పనిచేసేవాళ్లకు మత్తుమందుల పరీక్ష అదనం. ఇక్కడి సెంటర్ 'ఫిట్' అని రాస్తేనే అక్కడ వీసా.

"పెండ్లిచూపులల్ల గూడ గింతగనం చూడరు గదనే!" అంది సమ్మమ్మ.

"గొర్రెను కొనేటప్పుడు చూస్తరమ్మా" అన్నాడు గోపాల్.

మెడికల్ రేపనగా పరకాల నుంచి శ్రీలత అమ్మానాన్నలు వచ్చారు. మెడికల్ అయితే సగం పోయినట్టేనని సమ్మమ్మ లెక్క. అందుకే ఆ రోజే దావత్ చేసింది. మటన్ వండింది. వాడకట్టులో ఆమె మటన్ కూరకు పేరుంది. అందులో రహస్యమేమీ లేదు, గసగసాలే. ఇంకొకరు చెంచాతో వేస్తే ఆమె గుప్పిటతో వేస్తుంది. కొట్టు ఇంటిదాయె. నానబెట్టి, ఎండుకొబ్బరి కలిపి, వెన్నలాగా నూరి దించుతుంది. ఆ రాత్రి అందరూ గిన్నె అడుగు తుడుచుకుని తిన్నారు. తెల్లారి, మిగిలిన కూరలో అన్నం కలిపి కోడలి నోట్లో తానే ముద్దలు పెట్టింది. మెడికల్‌కు పోయే పిల్ల ఆకలితో పోవద్దని.

ఆ సాయంత్రం శ్రీలత వచ్చి చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడింది.

"అన్‌ఫిట్ అన్నరు."

"ఏం రోగమే?" అంది సమ్మమ్మ.

"రోగం గాదు. నేను నల్లమందు తింటనంట. మూత్రంల వచ్చిందంట."

గోపాల్ నవ్వబోయి పెళ్లాం మొహం చూసి ఆగాడు. శ్రీలత నెమ్మదిగా అడిగింది.

"అత్తమ్మా, కూరల గసాలు ఎన్నేసినవ్?"

"ఎప్పుడేసినన్నే."

"అంటే ఎన్ని?"

సమ్మమ్మ గుప్పిట మూసి చూపింది. ఒకసారి ఆగి, ఇంకోసారి చూపింది.

"గసాలు నల్లమందు చెట్టు గింజలే అత్తమ్మా. మేం చదువుకున్నం. ఎక్కువ తింటే పరీక్షల ఆ జాడ వస్తది. నాకే యాదికి రాలె. మేనేజర్‌కు చెప్పిన, బతిమాలిన. 'అందరు ఏదో ఒకటి చెప్తరమ్మా, కంప్యూటర్ల ఎక్కించినం, ఇగ మా చేతుల లేదు' అన్నడు."

"పోనీ తియ్యే" అన్నాడు గోపాల్. "మంచిదే అయింది. ఇక్కడ్నే ఉంటవ్."

"ఇక్కడ ఎవరుంచుకుంటరు? ఈ మాట మా దవాఖాన దాకా పోకుంటదా? మా వార్డుల మందుల అల్మారా తాళాలు నా దగ్గరుంటయ్. నల్లమందు తినే నర్సుకు తాళాలు ఎవరిస్తరు? దుబాయ్ పోతే పోయె, నా పేరు పోతాంది." ఆమె తలెత్తి అత్త వైపు చూసింది. "నిజం చెప్పు అత్తమ్మా. నేను పోవద్దనే వేసినవా?"

సమ్మమ్మ నోరు తెరిచింది. శ్రీలత లేచి లోపలికి పోయింది.

లేదే బిడ్డా అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఆమెకు దొరకలేదు. కూర వండేటప్పుడు చెయ్యి శుద్ధంగానే ఉంది; ఆమెకు తెలుసు. మనసు మాత్రం ఏదైనా అడ్డం పడితే బాగుండునని రోజూ అనుకుంటూనే ఉంది. చేసింది ఒకటి, కోరింది ఒకటి, రెండూ కలిసి ఒక్కచోటికే వచ్చాయి. ఇక ఎవరు నమ్ముతారు?

తెల్లారి గోపాల్ లేచేసరికి పొయ్యి మీద మటన్ ఉడుకుతోంది, తల్లి గసగసాలు నూరుతోంది.

"మల్ల ఎవలకే?"

"నాకే."

"పొద్దుగాల్నే మటనా? నీకేమన్న లేసిందా అమ్మా?"

"నోరు మూసుకొని కొట్టు తెరువు పో."

కూర టిఫిన్ డబ్బాలో పోసి, కొంగులో ముడేసుకున్న డబ్బు చూసుకుని, కోడలి గది తలుపు తట్టింది. "లే. సెంటర్‌కు పోదాం పా. నువ్వేం తిన్నవో నేను గూడ అదే తింట. నాకు రాకపోతే, నేను నోరు మూసుకుంట. వస్తే వాళ్లు మూసుకోవాలె."

శ్రీలత తలుపు తీసి డబ్బా వైపు చూసింది. "తినకముందు ఒక సాంపిల్ ఇయ్యాలె అత్తమ్మా" అంది. "లేకపోతే ముందునుంచే ఉన్నదంటరు."

హన్మకొండ సెంటర్ హాలు నిండా మనుషులే. చేతుల్లో పాస్‌పోర్టులు, ఎక్స్‌రే కవర్లు. ఎవరి పేరు పిలుస్తారోనని అందరి మొహాలూ ఒకే తలుపు వైపు తిరిగి ఉన్నాయి. సమ్మమ్మ బడి మొహం చూడలేదు. కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్ల మీదే అక్షరాలు నేర్చుకుంది. ఎక్కడ ఏ రాత కనిపించినా చదవకుండా కదలదు. గోడ మీద ఉన్నదాన్ని కూడబలుక్కుని పైకే చదివింది: "మా ఫలితాలు నూటికి నూరు శాతం సరైనవి. ఫలితాలపై వాదించరాదు."

"మంచిది" అంది తనలో తాను, కౌంటర్ దగ్గరికి నడిచింది.

మేనేజర్ సదానందం శ్రీలతను చూడగానే మొహం ముడిచాడు. "చెప్పిన గదమ్మా నిన్ననే..."

"ఆమె కాదు సారూ, నేను" అంది సమ్మమ్మ. "నాకు పరీక్ష జెయ్యి. నిన్న ఆమెకు చేసిందే."

"ఏ దేశం పోతవ్ అవ్వా?"

"మట్టెవాడ."

"పాస్‌పోర్ట్ ఉన్నదా?"

"ఉచ్చకు పాస్‌పోర్టు ఎందుకు బిడ్డా?"

హాలంతా గొల్లున నవ్వింది. సదానందం గొంతు పెంచాడు. "ఇది గల్ఫ్ పోయేటోళ్లకే."

"బయట బోర్డు మీద అన్ని రకాల రక్త మూత్ర పరీక్షలు చేయబడునని రాసిన్రు. చదివే లోపలికొచ్చిన. పైసలు కడుతాన్న. చెయ్యనంటే గా బోర్డు దించు."

వాదిస్తే అందరూ చూస్తారనుకున్నాడేమో, రసీదు రాయమని సైగ చేశాడు. ల్యాబ్ అమ్మాయి లావణ్య చిన్న సీసా ఇచ్చింది. సమ్మమ్మ ఇచ్చిన మొదటి సాంపిల్ చూసి, అందులో ఏమీ లేదని చెప్పింది.

అప్పుడు సమ్మమ్మ హాలు మధ్య కుర్చీలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. వాసన గోడలకు తగిలింది. ఖాళీ కడుపులతో వరుసలో ఉన్న మగవాళ్లు తలలు తిప్పారు.

"దావత్ నడుస్తాందా అవ్వా?" అన్నాడు పక్క కుర్చీలో ఉన్న రాయమల్లు. పాలంపేట దిక్కు నుంచి వచ్చిన కూలీ మనిషి. ఒళ్లో పెద్ద ఎక్స్‌రే కవరు ఉంది.

"తింటవా? గసాలేసిన కూర. తింటే మెడికల్ పోతది, ముందే చెప్తాన్న."

"నాది ఎట్లాగూ పోయింది, పెట్టు. ఎన్నడో టీబీ వచ్చి తగ్గింది. దాని మచ్చ ఇంక ఉన్నదని అన్‌ఫిట్ కొట్టిన్రు."

ఆమె అతనికి మూతలో పెట్టింది, తాను డబ్బాలో తిన్నది. పొద్దున్నే అంత మటన్ ఈ వయసులో లోపలికి పోవడం సులువు కాదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, చివరి ముక్క దాకా నమిలింది. సదానందం అద్దం వెనకనుంచి చూస్తున్నాడు.

ఆ తర్వాత కూర్చోవడమే. పొద్దు ఎక్కింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. కూర్చున్నకొద్దీ సమ్మమ్మకు గుబులు పట్టుకుంది. రాకపోతే? ఈ మాటు ఎక్కువ ఉడికించిందేమో. నూరేముందు ఎక్కువ కడిగిందేమో. తన ముసలి ఒళ్లు దాన్ని ఎక్కడో దాచేస్తుందేమో. రాకపోతే కోడలి మీద ముద్ర తన చేత్తో తానే వేసినట్టు. పక్కన శ్రీలత నీళ్ల సీసా అందించబోయి మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడే నీళ్లొద్దు అత్తమ్మా. మూత్రం పలచనైతది."

అది నర్సు మాట. కానీ అత్తమ్మా అన్న పిలుపులో నిన్నటి గరుకు లేదు. సమ్మమ్మకు ఆ మాత్రం చాలనిపించింది.

మధ్యాహ్నం దాటాక రెండో సీసా ఇచ్చింది. లావణ్య లోపల పరీక్ష పట్టీ ముంచి, చూసి, ఇంకోటి ముంచి, చూసి, బయటికొచ్చింది. మాస్క్ వెనక నవ్వు ఆగడం లేదు.

"పాజిటివ్ అవ్వా."

"అంటే? పాసైన్నా?"

"నల్లమందు తిన్నట్టు వచ్చింది."

సమ్మమ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది, ఎవరికో ఆమెకే తెలియదు. తర్వాత కౌంటర్ దగ్గరికి పోయింది. వెనక హాలంతా లేచింది.

సదానందం ముందే గొంతు తగ్గించాడు. "సరే అవ్వా, పెద్దమనిషివి. రేపు మీ కోడల్ని పంపు. మల్ల తీస్తం, నెగెటివ్ వస్తది, మార్చేస్తం. అయిపాయె."

సమ్మమ్మ తల ఊపబోయింది. శ్రీలత ముందుకొచ్చింది.

"వద్దు సర్. రేపటిది మంచిగొస్తే, నిన్న తిన్నది ఇయ్యాల మానేసిందంటరు. నిన్నటి నా సాంపిల్ మీ ఫ్రిజ్‌లనే ఉన్నది. దాన్నే హైదరాబాద్ పెద్ద ల్యాబ్‌కు పంపున్రి. ఎంతున్నదో లెక్క రాసిస్తరు. తిండిదేదో మందుదేదో దాంట్ల తెలుస్తది."

"గట్ల రూల్ లేదమ్మా."

"అయితే నాది రాసియ్యి" అంది సమ్మమ్మ. "రాయి. సమ్మమ్మ, మట్టెవాడ, నల్లమందు తింటది. కింద సంతకం పెట్టు, ముద్ర కొట్టు. గోడ మీద నువ్వే రాసినవ్ గద, నూటికి నూరని. పోలీసుల గూడ పిలువు. వాళ్లొచ్చి మా ఇంట్ల గసాల డబ్బా పట్టుకపోతరు. ఇగ మా వాడకట్టుల ఆ డబ్బా లేని ఇల్లు లేదు, ఊరంతా పట్టుకపోవాలె. పెద్ద బండి తెమ్మను."

"నన్ను గూడ సారూ" అన్నాడు రాయమల్లు వెనకనుంచి. "నేను గూడ తిన్న. మస్తుగుండె."

నవ్వుల మధ్య ఎవరో ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. సదానందం గోడ మీది రాత వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. ముసలమ్మకు ఆ కాగితం రాసివ్వలేడు; రాసిస్తే సెంటర్ పరువు మట్టెవాడ నోట్లో పడుతుంది. రాయనంటే పరీక్ష తప్పని ఒప్పుకున్నట్టే.

"పంపుతం" అన్నాడు. "నిన్నటిదే పంపుతం."

"ఇప్పుడే" అంది శ్రీలత. "నా ముందల సీలెయ్యున్రి."

లావణ్య ఫ్రిజ్ తెరిచింది. సీసా మీద తన పేరు చూసుకుని శ్రీలత సంతకం పెట్టింది. ఆ పని అవుతుండగానే రాయమల్లు ఎక్స్‌రే కవరు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "సారూ, గీ మచ్చను గూడ ఎవలన్న పెద్ద డాక్టర్‌కు చూపియ్యరాదు? తగ్గిందో లేదో వాళ్లే చెప్తరు." అతని వెనక ఇంకొకడు నిలబడ్డాడు. సదానందం తల పట్టుకున్నాడు. సమ్మమ్మ వెంటనే ఇంటికి పోలేదు. రాయమల్లు కాగితానికి జవాబు రాసిచ్చేదాకా అదే కుర్చీలో కూర్చుంది.

హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. శ్రీలత ఒంట్లో ఉన్నది చాలా తక్కువ, తిండి వల్ల వచ్చేంతేనని ఉంది. సెంటర్ పాత రాత కొట్టేసి 'ఫిట్' అని ఎక్కించింది.

ఆ సాయంత్రం శ్రీలత వంటింటి గడప మీద కూర్చుంది. సమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆ రోజు నిన్ను గట్ల అడగకపోయేదుండె."

"అడుగు. తప్పేమున్నది? నాకు జవాబు దొరకలే, గంతే." సమ్మమ్మ తల ఎత్తలేదు. "నువ్వు పోవుడు నాకిష్టం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడు గూడ లేదు. గని వద్దనాలంటే నీ మొఖం మీద అంట. కూరల కలిపి అన. ఇప్పుడంటాన్న చూడు. పోకే."

"పోత అత్తమ్మా."

సమ్మమ్మ చేతిలోని చిక్కుడుకాయ రెండుగా విరిగింది. పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, కోడలి వైపు తిరిగింది.

"పో మరి. ఇంకెవడు ఆపుతడో నేను చూస్త."