చీకటి బాబాయ్ లెక్క

చీకటి బాబాయ్ రెండు కౌంటర్లనూ సున్నాకు తిప్పి, చొక్కా అంచుతో వాటి అద్దాలు తుడిచి, చేతికొకటి పట్టుకున్నాడు. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి ఇనప డబ్బాలవి. బొటనవేలితో మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎడమచేతి లెక్క, బయటికి వచ్చేవాళ్ళు కుడిచేతి లెక్క. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆయన బతుకు ఈ రెండు టిక్కుల మధ్యే గడిచింది.

ఆయన ఉద్యోగం నక్షత్రశాల గేటు దగ్గర. గుమ్మటం కింద నూటనలభై కుర్చీలు, నడుమ గండుచీమ ఆకారంలో ఒక ముసలి యంత్రం, ద్వారానికి రెండు పొరల నల్ల తెర. ఎండలోంచి వచ్చినవాళ్ళు తెర దాటగానే కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోతారు. "చీకటి అలవాటయ్యేదాకా కదలకండి, అదేం చెయ్యదు" అని రోజుకు నాలుగుసార్లు చెప్పి చెప్పి ఆ పేరు తెచ్చుకున్నాడు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, దాంతో పిలిచేవాళ్ళే లేరు. పొట్టి మనిషి. తెర ఎత్తి పట్టుకుని పట్టుకుని కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు పైకి లేచింది. ఎడమ బొటనవేలి గోరు కొమ్ములా గట్టిపడింది. నోట్లో నాలుక లేనివాడు కనక ఆఫీసులో అందరికీ లోకువే. అయినా ఆయన అంకె చెప్పందే లోపల ఒక్క నక్షత్రం వెలగదు.

ఆ పద్ధతి ఆయన చేరకముందే పుట్టింది. అప్పట్లో ఎవరో ముసలావిడ కుర్చీలో నిద్రపోతే, చూసుకోకుండా తాళం వేసేశారట. రెండు రోజుల సెలవు తర్వాత తలుపు తీస్తే, ఆవిడ గుమ్మటం కేసి చూస్తూ అలాగే కూర్చుని ఉందట. బతికే ఉంది గానీ, ఆ తర్వాత ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదంటారు. అప్పట్నించీ రెండు లెక్కలూ సరిపోతేనే తాళం పడాలి.

ఈ రోజు నాలుగు గంటల ఆటతో కృష్ణబిలం ప్రదర్శన ఆఖరు. రేపు ముసలి యంత్రం మరలు విప్పేస్తారు. కొత్త యంత్రంతోపాటు తలుపుకే ఒక కన్ను అమర్చుతారట, మనుషుల్ని అదే లెక్కపెట్టుకుంటుందట. పై ఆఫీసరు ఆ మాట చెప్పి, "ఇంక హాయిగా ఇంట్లో కూర్చో" అన్నాడు. ఇంట్లో ఏముంది కూర్చోడానికి? ఒక గది, ఒక మంచం, గోడవారగా మూతపెట్టిన కుట్టుమిషను.

ఆ మిషను ఆయన భార్యది. పదకొండేళ్ళ కిందట పోయింది. బతికున్నన్నాళ్ళూ చొక్కాలకు బొత్తాలు కుట్టేది. సెలవు రోజున ఆయన కౌంటరు లాక్కుని, కుట్టిన ప్రతి బొత్తానికీ ఒకసారి నొక్కేది. బొటనవేలికి సూది దిగి దిగి బలం పోయింది పాపం, మీటను ఒక్క ఊపున నొక్కలేకపోయేది. సగంలో ఆగి, మళ్ళీ నొక్కేది. "టి... క్" అని రెండు ముక్కలుగా వినబడేది. పక్కగదిలో ఉన్నా అది ఆవిడ నొక్కుడని ఆయనకు తెలిసిపోయేది.

జబ్బు ముదిరాక ఒకసారి, మీ ఆటేదో చూస్తానని పట్టుబట్టి వచ్చింది. వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో అడిగింది.

"ఏవండీ, ఆ బిలంలో పడ్డవాళ్ళు ఏమైపోతారు?"

"నేను గేటు మనిషిని. నాకేం తెలుస్తుంది?"

"అవతల ఇంకో లోకం పుడుతుందేమో అందిగా ఆటలో వినబడే ఆ గొంతు. మరైతే అక్కడా ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడాలిగా. లేకపోతే వచ్చినవాళ్ళని ఎవరు లెక్కపెడతారు?"

ఆయన పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పోయాక మూడుసార్లు లెక్క తప్పింది. మూడుసార్లూ కృష్ణబిలం ఆటలోనే, మూడుసార్లూ ఒక్క మనిషే తక్కువ. మొదటిసారి గొడుగు పట్టుకొచ్చిన ఒక పెద్దాయన. తర్వాత చేతిసంచీ ఆవిడ ఒకరు. మూడోసారి ఎవరో ఆయనకు ముఖం కూడా గుర్తులేదు. కుర్చీల కింద వెతికాడు, యంత్రం వెనక వెతికాడు, తెర పొరల మధ్య చేతులు పెట్టి తడిమాడు. గొడుగు లేదు, సంచీ లేదు. "నీ వేలే తప్పింది" అని పై ఆఫీసరు కేకలేశాడు. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని బాబాయ్ నెలల తరబడి ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. వెతికేవాళ్ళు లేని మనుషులే తగ్గారన్నమాట.

ఇంకొక సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మూడుసార్లూ, లోపల పూర్తిగా చీకటి పడినప్పుడు, తన రెండు బొటనవేళ్ళూ కదలకుండా ఉండగానే, తెర అవతలనుంచి ఒక చప్పుడు విన్నాడు. టి... క్.

రేపట్నించీ ఆ చీకటి ఉండదు. అది నిజమో తన చెవుల భ్రమో తేలకుండానే మంచం మీద ఒంటరిగా పోవాలి. తను పోతే తనను లెక్కపెట్టేదెవరు? వారం రోజులుగా ఆయన్ని తొలిచేస్తున్నది ఇదొక్కటే.

నాలుగయింది. జనం పలచగా వచ్చారు. ఒక్కొక్కరికీ తెర ఎత్తాడు, ఒక్కొక్కరికీ నొక్కాడు. ఇరవై మూడు. గోడకున్న ఫోను తీసి ఆపరేటరమ్మాయికి చెప్పాడు. ఆరేళ్ళుగా యంత్రం నడిపేది ఆ అమ్మాయే. ఆయనకు రోజూ తన ఫ్లాస్కులోంచి టీ పోసేదీ ఆ అమ్మాయే.

"ఇరవై మూడా బాబాయ్? మొదలెట్టనా?"

"ఒక్క నిమిషం ఆగు తల్లీ." ఆయన ఎడమచేతి మీట మరోసారి నొక్కాడు. ఇన్నేళ్ళలో తనకోసం నొక్కుకోవడం అదే మొదటిసారి. "ఇరవై నాలుగు."

"ఇంకెవరొచ్చారు?"

"నేనే. ఇవాళ కూర్చుని చూస్తాను."

"గేటు మనిషిని లెక్కలో కలపరుగా?"

"ఈ ఒక్కపూటకీ కలుపమ్మా. ఆట అయ్యేసరికి నువ్వు వచ్చి తెర దగ్గర నిలబడు. కుడిచేతి కౌంటరు దారం కట్టి మేకుకి తగిలిస్తున్నా. బయటికొచ్చేవాళ్ళని నువ్వే నొక్కు."

"చాదస్తం బాబాయ్ నీకు" అని నవ్వింది. "సరే, వెళ్ళి కూర్చో. బాగా చూపిస్తాలే."

ఆయన తెర దాటాడు. చీకటి అలవాటయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తడుముకుంటూ వెళ్ళి వెనక వరసలో చివరి కుర్చీ కిందికి వంచి కూర్చున్నాడు. స్ప్రింగు కుర్చీలవి, మనిషి లేస్తే వాటంతటవే పైకి మడుచుకుంటాయి. తల వెనక్కి వాల్చాడు. ఇన్నేళ్ళూ తెర బయటనుంచి విన్న గొంతు ఇప్పుడు నాలుగువైపులనుంచీ వినిపించింది.

"ఒక మహానక్షత్రం తన బరువు తానే మోయలేక లోపలికి కూలిపోతుంది. కూలి కూలి, నడుమ ఒక్క బిందువుగా మిగులుతుంది. ఆ బిందువు దగ్గర మన లెక్కలన్నీ ఆగిపోతాయి. దానికి అవతల మరో విశ్వం పుడుతూ ఉండవచ్చునని కొందరి ఊహ. చూసి వచ్చినవారు లేరు."

గుమ్మటం మీద నక్షత్రాలు ఒక్కొక్కటే మధ్యకు జారి మాయమయ్యాయి. చివరిది కూడా పోయింది. ఇక పంతొమ్మిది సెకన్ల చీకటి. ఆయనకు కంఠతా వచ్చు. ఎవరో దగ్గారు. ఎవరో ఊపిరి బిగబట్టారు. తన చేతులు తనకే కనిపించడం లేదు. భయం వేసింది. పారిపోవాలన్నంత భయం కాదు, మొదటిసారి పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజున వేసినలాంటి భయం. పన్నెండు, పదమూడు అని లోపల లెక్కపెట్టుకున్నాడు. పద్దెనిమిది దగ్గర వినబడింది. వెనక ఉన్న తెర వైపునుంచి కాదు, ఎదురుగా, తలుపన్నదే లేని గుమ్మటం నడుమనుంచి.

టి...

రెండో ముక్క కోసం ఆయన లేవబోయాడు.

గుమ్మటం మీద చిన్న వెలుగు పుట్టింది. తర్వాత వంద, తర్వాత వేలు. జనం చప్పట్లు కొట్టారు.

ఆపరేటరమ్మాయి పరుగున వచ్చి, మేకుకున్న కౌంటరు తీసి, బయటికొచ్చే ఒక్కొక్కరికీ జాగ్రత్తగా నొక్కింది. ఇరవై మూడు. కౌంటరు మళ్ళీ మేకుకి తగిలించి, "బాబాయ్, ఇక లే, టీ పోస్తా" అంటూ లోపలికి వెళ్ళింది. దీపాలన్నీ వేసింది. నూటనలభై కుర్చీల్లో ఎవరూ లేరు. వెనక వరసలో చివరి కుర్చీ మాత్రం ఇంకా కిందికి వంగే ఉంది. ఆ అమ్మాయి చూస్తుండగానే, ఎవరో అప్పుడే లేచినట్టు, అది మెల్లగా పైకి మడుచుకుంది.

కుర్చీలన్నీ చూసింది, యంత్రం వెనక చూసింది, తెర పొరలు తడిమింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. రోడ్డుమీదికి పరిగెత్తి కనిపించినవాళ్ళనల్లా అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. ఆయన ఇంటికి కబురు చేద్దామంటే అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చి, గేటు మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని తాళం వెయ్యడానికి లేచింది. అలవాటు కొద్దీ మేకు వైపు చూసింది. ఎవరూ ముట్టుకోని కుడిచేతి కౌంటరు దారానికి వేలాడుతూ ఇంకా కొద్దిగా ఊగుతోంది. దాని అద్దంలో ఇరవై నాలుగు ఉంది.