చల్లారితేనే మూత

డబ్బాలక్క మొగుడు బస్సు డ్రైవరు. ఏ పూట ఏ డ్యూటీ పడుతుందో, ఇంటికి ఎప్పుడు చేరతాడో ఆయనకే తెలియదు. అయినా ఆ ఇంట్లో కూర మళ్ళీ వేడి చేసుకునే అలవాటు లేదు. పొద్దున్నే ఆయన్ని తలుచుకుని వండి, గిన్నె ఓ పక్కన పెట్టేస్తుంది. మధ్యాహ్నం వచ్చినా, చీకటి పడ్డాక వచ్చినా మూత తీస్తే మొహానికి ఆవిరి కొడుతుంది. ఆయన ఒక ముద్ద తిన్నాకే గిన్నె చల్లారడం మొదలవుతుంది. ఆమె చేతి వంట చిన్నప్పటి నుంచీ అంతే. ఎవరిని తలుచుకుని వండితే వాళ్ళు తినేదాకా వేడి తగ్గదు. అత్తగారు కొత్తలో రెండు మూడుసార్లు నాలిక కాల్చుకుని, తర్వాత ఊదుకుని తినడం నేర్చుకుంది.

డబ్బాలు అమ్మకముందు డబ్బాలక్క ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. సోడా నీళ్ళకి అరచేతుల తోలు పొరలుపొరలుగా ఊడి వచ్చేది. ఆ బాధ పడలేక పని మానేసి, వీధిలో వాళ్ళకి కూర, రొట్టె డబ్బాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. టైలరు చేతిలో ఉన్న చొక్కా పూర్తిచేసుకుని తీరిగ్గా తెరిచినా, నర్సు పేషెంట్లందరూ వెళ్ళాక తెరిచినా డబ్బాలో కూర పొయ్యి మీంచి దించినట్టే ఉండేది. ఇరవై డబ్బాలు చిటికెలో అయిపోయేవి. అరచేతులు మళ్ళీ మనిషి చేతుల్లా తయారయ్యాయి. అసలు పేరు పోయి డబ్బాలక్క అన్న పేరు నిలిచింది.

అంతా సవ్యంగా ఉంటే ఆఫీసులకి తోచదు కదా. ఇంట్లో వండి అమ్మేవాళ్ళందరూ లైసెన్సు తీసుకోవాలన్నారు. వంటింటికి తలుపుండాలన్నారు, వడ్రంగిని పిలిచి పెట్టించింది. పిల్లి ఉండకూడదన్నారు, పిల్లిని ఆడపడుచు ఇంటికి పంపింది. అది రెండుసార్లు తిరిగొచ్చింది. అత్తగారు వంటింట్లోకి రావాలంటే ఆరోగ్య పత్రం కావాలన్నారు. ఆవిడ జన్మలో మొదటిసారి డాక్టరుకి నాలిక చాపి చూపించి, వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి డబ్బాలక్కకి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక్క నిబంధన మిగిలింది. అమ్మకానికి వండింది రెండు గంటల్లో చల్లారాలి. చల్లారితేనే మూత పెట్టాలి.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న సన్నటి మనిషి. మూడుసార్లు చూస్తానని, మూడోసారీ తప్పితే దరఖాస్తు మూసేస్తారని ముందే చెప్పాడు. కాసిని మంచినీళ్ళిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"డ్యూటీలో ఉండగా తనిఖీ చేసే ఇంట్లో ఏమీ పుచ్చుకోకూడదమ్మా."

గిన్నెలో థర్మామీటరు పెట్టి రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. పాదరసం కూడా ఆయనలాగే కదల్లేదు.

"టైలరూ మిగతావాళ్ళూ తింటే చల్లారిపోతుంది సార్. అందరూ పని మీదున్నారు," అంది డబ్బాలక్క.

"అది ఊళ్ళో అందరికీ తెలిసిందేనమ్మా. కానీ టైలరు తినడం గురించి నిబంధనల్లో ఏమీ రాయలేదు."

రెండోసారి తనిఖీకి ఆమె అందరినీ బతిమాలి వంటింటికి రప్పించింది. టైలరు షాపు మూసి వచ్చాడు. నర్సు డాక్టరుకి అబద్ధం చెప్పి వచ్చింది. అందరూ చెంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వంట చేసేచోట బయటివాళ్ళు ఉండకూడదు."

టైలరు చెంచా గాల్లో ఉండిపోయింది. గడప అవతల నిలబడమంటే నిలబడేవాళ్ళే, కానీ రోజూ పని మానుకుని ఇరవై మంది ఎక్కడ వస్తారు? డబ్బాలక్కకి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే లాండ్రీ నుంచి కబురొచ్చింది, చోటు ఖాళీగా ఉంది, చేరతావా అని. ఆమె తన అరచేతులు చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడుపెందుకే? నన్ను తలుచుకుని వండు. నేనొక ముద్ద తింటాను, మొత్తం చల్లారిపోతుంది. నా నాలిక బాగుందని డాక్టరు పత్రం కూడా ఇచ్చాడుగా," అంది అత్తగారు.

ఈ ఉపాయం ఇన్నాళ్ళూ తట్టనందుకు ఇద్దరూ తమని తామే తిట్టుకున్నారు.

మూడోసారి ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కూర దించి సిద్ధంగా ఉంది. అత్తగారు ఒక ముద్ద తిని, ధీమాగా మూతి తుడుచుకుంది. గిన్నె పొగలు కక్కుతూనే ఉంది. రెండో ముద్ద తింది. మూడోదీ తింది. థర్మామీటరు దిగలేదు.

"ఎవర్ని తలుచుకున్నావే?"

"మిమ్మల్నే అత్తయ్యా."

"నన్ను తలుచుకుంటే ఇది ఇలా ఎందుకుంటుంది? నిజం చెప్పు."

డబ్బాలక్క తల దించుకుంది. ఉల్లిపాయలు కోస్తున్నంతసేపూ ఈయన్నే తిట్టుకుంది. కూర కలుపుతున్నంతసేపూ ఈయన బొత్తాలు, ఈయన థర్మామీటరు, ఈయన 'కూడదమ్మా'లే కళ్ళముందు మెదిలాయి. అత్తగారి మొహం గుర్తు తెచ్చుకుందామన్నా ఈయనే అడ్డొచ్చాడు.

"సార్‌ని," అంది గోడకేసి చూస్తూ.

ఇన్‌స్పెక్టరు కాగితాల్లోంచి తలెత్తాడు. "నా కోసం వండారా?"

"మీ మీద కోపంతో వండాను సార్. మెచ్చుకుని కాదు."

ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. "నా కోసమని ఎవరైనా వండి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదమ్మా," అన్నాడు.

"అయితే ఒక చెంచా తినండి. చల్లారిపోతుంది."

"తినకూడదమ్మా."

"తినకూడదు, తినకపోతే చల్లారదు, చల్లారకపోతే లైసెన్సు లేదు. మరి నన్నేం చేయమంటారు? మళ్ళీ ఆ సోడా నీళ్ళలో చేతులు పెట్టమంటారా?"

రెండు గంటలు పూర్తికావస్తున్నాయి. ఇన్‌స్పెక్టరు కలం తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత ఆ కలం జేబులో పెట్టుకుని, అత్తగారి పక్కనున్న చెంచా అందుకుని, కూర తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. థర్మామీటరు గబగబా దిగింది. ఆవిరి ఆగిపోయింది. ఆయన అంకె రాసుకున్నాడు. దాని కిందే, అబద్ధం రాయడం చేతకాని మనిషి కాబట్టి, 'అధికారి ఒక చెంచా తిన్న మీదట చల్లారినది' అని కూడా రాసి సంతకం పెట్టాడు.

లైసెన్సు వచ్చింది. ఆయన ఉద్యోగం పోయింది.

ఆ సంగతి బస్సు డిపోలో విని డ్రైవరు ఇంటికొచ్చి చెప్పాడు. ఆ రోజు నుంచి డబ్బాలక్క ఎంత ప్రయత్నించినా మనసు ఇంకొకరి మీదికి పోలేదు. మొదట కోపంతో తలుచుకుంది, ఇప్పుడు తప్పు చేసినదానిలా తలుచుకుంటోంది. గిన్నెకి మాత్రం రెండూ ఒకటే. అత్తగారు ముద్ద మీద ముద్ద తిని, "కడుపు ఉబ్బిపోయింది కానీ గిన్నె మాత్రం చల్లారలేదు. నా మీద నీకు ఏ కోశానా ధ్యాస లేదు," అని దెప్పింది. చేసేది లేక మొగుడితో కబురు పంపితే, మర్నాడు పొద్దున్నే ఆ మనిషి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"బయటివాళ్ళు వంటింట్లోకి రాకూడదు," అని గడప అవతలే స్టూలు వేసుకున్నాడు.

అప్పటినుంచీ అదే వరస. ఆయన రోజూ వస్తాడు, గడప బయట కూర్చుని ఒక చిన్న గిన్నెడు తింటాడు, లోపల పెద్ద గిన్నె చల్లారుతుంది, ఆమె మూతలు పెడుతుంది. అన్నీ నిబంధన ప్రకారమే. తినేవాళ్ళకే సుఖం లేకుండా పోయింది.

"ఒకప్పుడు నీ కూర నా కోసం వేడిగా కాచుకుని ఉండేది. లైసెన్సు వచ్చాక ఇంత చల్లగా అయిపోయిందేంటక్కా?" అన్నాడు టైలరు.

"లైసెన్సు ఉంది కాబట్టే," అని విసుక్కుంది డబ్బాలక్క.

ఒక రోజు ఆయన రాలేదు. గడప బయట స్టూలు ఖాళీగా ఉంది. లోపల గిన్నె కుతకుతమంటోంది. ఇరవై డబ్బాలు నోరు తెరుచుకుని వరసగా ఉన్నాయి. డబ్బాలక్క గుమ్మానికీ గడియారానికీ మధ్య పదిసార్లు తిరిగింది.

"వేళకి రావడం తప్ప ఇంకో పని లేదు ఈయనకి. అది కూడా చేతకాలేదు," అంది పళ్ళు నూరుతూ.

"తిట్టింది చాల్లే. ఒకసారి చూసి రా," అంది అత్తగారు.

చిన్న గిన్నెలో కూర తీసుకుని, దారి పొడుగునా సణుక్కుంటూ వెళ్ళింది. ఆయన గది ఒక తాళాల షాపు మీద ఉంది. షాపతను మొన్న రాత్రి నుంచీ ఆయన మెట్లు దిగలేదన్నాడు. నిన్న ఆదివారమని, డబ్బాలకి సెలవని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. మెట్లు ఎక్కుతుంటే సణుగుడు ఆగిపోయింది. తలుపు తోస్తే ఆయన మంచం పక్కన నేల మీద పడి ఉన్నాడు. జ్వరంతో ఒళ్ళు పేలిపోతోంది. పెదాలు ఎండి పగిలాయి. పిలిచే ఓపిక లేక, పిలవడానికి మనిషి లేక అలాగే పడి ఉన్నాడు.

షాపతన్ని డాక్టరు కోసం పరిగెత్తించింది. నీళ్ళతో పెదాలు తడిపి, తల ఒళ్ళో పెట్టుకుని ఒక చెంచా కూర నోట్లో పెట్టింది. కాసేపటికి గుటక పడింది. ఆమె చేతిలో గిన్నె చల్లబడింది. ఇంటి దగ్గర పెద్ద గిన్నె కూడా ఆ క్షణానే చల్లబడి ఉంటుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది, ఇరవై డబ్బాల కూరా పారబోయాల్సిందే.

ఆయన కళ్ళు తెరిచాడు. ఎవరో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"పొయ్యి మీంచి దించి ఎంతసేపయిందమ్మా?"

"రెండు గంటలు దాటింది."

"అయితే అమ్మకూడదు."

"తెలుసు సార్," అంది డబ్బాలక్క. "నోరు తెరవండి."