రెప్ప బరువు

రెండు చీరలు, తువ్వాలు, నల్ల కళ్ళద్దాలు, సగం చదివిన పుస్తకం సంచిలో పెట్టాను. మళ్ళీ తీసి, చూసి, మళ్ళీ పెట్టాను. మర్నాడు నా కనురెప్పలకు ఆపరేషన్. కుట్లు విప్పేదాకా ఆసుపత్రి పక్క వీధిలో అక్క ఇంట్లో ఉండాలి. ఊరు దాటే పని కాదు.

"ఈ వయసులో సోకులేంటే? ఎవరు చూడాలని?" అన్నారు మావారు గుమ్మంలో నిలబడి. "మరి నా తిండి సంగతి?"

"వండి ఫ్రిజ్‌లో పెట్టాను. వేడి చేసుకోండి."

"స్టవ్ కూడా నేనే వెలిగించుకోవాలా?" నవ్వుతూ అన్నారు. ఏదైనా నవ్వుతూనే అంటారు. ఆయన శుక్లాలు తీయించుకున్నప్పుడు పూటపూటా చుక్కలు వేసింది నేనే, ఒక చేత్తో నా రెప్ప ఎత్తిపట్టుకుని.

పెళ్ళినాటికే నా రెప్పలు వాలి ఉండేవి. రెప్పలు వాలిపోతే ఎదుటి మనిషి మొహం చూడ్డానికి గడ్డం పైకెత్తాలి. నేను ఎత్తితే, "తల ఎలా ఎగరేస్తోందో చూడు! పొట్లాం కాగితాలు చదివి అక్షరాలు నేర్చిన పొగరు" అనేది అత్తగారు. దాంతో తల దించడం అలవాటు చేసుకున్నాను. దించిన తలకు కనిపించేవి కంచాలు, కాళ్ళు, నేల మీది చెత్త. వాటితోనే కాపురం చేశాను. ఆయన మొహంలో నాకు బాగా తెలిసింది నోరొక్కటే. అంతకంటే పైకి నా చూపు వెళ్ళేది కాదు. అమ్మ చివరిసారి వచ్చి వెళ్తున్నప్పుడు బస్సు మెట్ల మీద ఆమె మడమలే చూశాను. కిటికీ వైపు చూద్దామని వేలితో రెప్ప ఎత్తబోతే, "నడిరోడ్డు మీద ఎవరికే కన్ను కొడుతున్నావు?" అని ఆయన నవ్వారు. చెయ్యి దించేశాను. అమ్మ నా వైపు చూసిందో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే అమ్మ లేదు. ఇప్పుడు అక్కకూ పెద్దతనం వచ్చేసింది. ఆమె మొహమైనా నిండుగా చూడాలి. నాకు కావలసింది అదే.

పరీక్ష చేసిన రోజు డాక్టరమ్మ నా రెప్పలను ప్లాస్టరుతో పైకి అంటించి చూసి, "పైచూపు సగం పోయిందండీ. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అంది.

"కంటికి రెప్పలా చూసుకున్నానండీ. ఏనాడూ చెబితేగా?" అన్నారు ఆయన.

ఆమె నన్ను అడిగింది: "మీకు ఆపరేషన్ చూపు కోసమేనా, అందం కోసం కూడానా?"

"రెండూ అయితే తప్పా అమ్మా?"

"తప్పేముంది?" అంది.

కంటికి రెప్పలా. దారంతా ఆ మాటే నమిలాను. నిజమే చెప్పారు. కన్ను మూసేసిన రెప్పలా.

కుట్లు విప్పించుకుని వచ్చాక మొదట అక్కను చూశాను. నుదురు, కనుబొమలు, తలలో పలచబడ్డ పాపిడి, అంతా ఒకేసారి.

"ఏంటే అలా గుచ్చి చూస్తావు? ముడతలు లెక్కపెడుతున్నావా?" అంది. ఇద్దరం నవ్వాం. నేను ఏడ్చాను కూడా.

ఇంతలో నన్ను తీసుకెళ్ళడానికి ఆయన వచ్చారు. నా మొహంలోకి వంగి చూసి, "ఏం మారింది? అదే నిద్రమొహం. పద పద, సింకు నిండా గిన్నెలే" అన్నారు నవ్వుతూ.

గడ్డం ఎత్తకుండానే ఆయన కళ్ళు కనిపించాయి. నోరొక్కటే నవ్వుతోంది. కళ్ళు నవ్వడం లేదు. వేళాకోళం మనిషి, మనసులో ఏమీ ఉండదు అని కాపురమంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసులో ఉన్నదంతా ఆ కళ్ళలోనే ఉంది. నాకు అందనంత ఎత్తులో, ఇన్నేళ్ళూ.

ఆయన సంచి అందుకోబోయారు. నేను దాన్ని అక్క మంచం కిందికి తోసేశాను.

ఆయన ఒక్కరే వెళ్ళారు. నేను ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. ఇదంతా కుట్లు విప్పిన గురువారం నాడే జరిగింది.