ఆరోగ్యవంతుల గుంపులో అత్తయ్య

కత్తెర కుడి సొరుగులో ఉండాలా, ఎడమ సొరుగులోనా అని మొదలైంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కుడివైపే ఉందని అత్తయ్య, కాదు ఎడమవైపేనని మా ఆయన. నిజానికి అప్పుడది ఫ్రిజ్ మీద ఉంది. పెట్టింది ఆయనే.

"చూశావా, అమ్మకి మతి తప్పుతోంది. ఇంక స్టవ్ ముట్టనివ్వకు," అంటూ మా ఆయన గ్యాస్ లైటర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసేశారు.

అత్తయ్యకు వంటే ప్రాణం. మూడు రోజులు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను కూర మాడుస్తుంటే గుడ్లప్పగించి చూశారు.

ఇంతలో మతిమరుపు మీద పరిశోధనకు మనుషులు కావాలని ఆయన పేపర్లో చదివారు. జబ్బు మెదడునూ ఆరోగ్యమైన మెదడునూ ఫోటోలు తీసి పోల్చి చూస్తారట. తల్లి పేరు జబ్బు గుంపులో, తన పేరు ఆరోగ్యం గుంపులో రాయించారు.

"స్కాన్‌లో తేలాక నువ్వే లైటర్ అడగవు," అన్నారు తల్లితో.

"తేలకపోతే ఇస్తావా?"

"ఇస్తా. తేలుతుందిలే."

ఆసుపత్రిలో ముందు ఆయన స్కాన్ యంత్రంలోకి వెళ్లారు. ముప్పావుగంట తల కదపకూడదు. ఇబ్బందైతే నొక్కమని చేతికి రబ్బరు బంతి ఇచ్చారు. ఆయన పదకొండుసార్లు నొక్కారు. ఒకసారి దుప్పటి మడత బాగాలేదని, మిగతా పదిసార్లూ యంత్రం ఎలా నడపాలో చెప్పడానికి. టెక్నీషియన్ మైకులో "కదలకండి సార్" అన్నప్పుడల్లా, అలాగేనని తలాడించారు.

అత్తయ్య మాత్రం ఆ యంత్రం డబడబల మధ్యే నిద్రపోయారు. "మీ మామగారి గురక కంటే నయమే," అన్నారు లేచి.

వారం తర్వాత డాక్టరమ్మ పిలిచింది. "అమ్మగారి స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్షలు అన్నీ బాగున్నాయి. ఆరోగ్యవంతుల గుంపులోకి మార్చాం."

"మరి నాది?"

ఆమె తెర ఇటు తిప్పింది. గాలికి చెదిరిన పొగలా ఉంది. "ఇందులో జబ్బుందో లేదో కాదు సార్, మెదడెక్కడుందో కూడా తెలియట్లేదు. మా విద్యార్థులకు చూపించుకోవచ్చా?"

"ఎందుకూ?"

"స్కాన్ ఎలా ఉండకూడదో చెప్పడానికి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన లైటర్ తెచ్చి తల్లి కంచం పక్కన పెట్టారు. అత్తయ్య దాన్ని ఒడిలో వేసుకున్నారు.

"రేపటి నుంచి వంట నాదే. కోడలు కూరలు తరిగి ఇస్తుంది. నువ్వు మాత్రం, నాయనా, నీ మెదడు ఫోటోలో పడేదాకా వంటింట్లోకి రాకు."